ఫిన్‌బార్ కార్నర్‌లో నాగజ్యోతి

అనకాపల్లిలో బెల్లం వేలంపాట పాడించడం తెలిసినవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు గానీ, డబ్బు తీసుకుని ఆడే బాక్సింగు పోటీ ఎలా పెట్టాలో తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు తీర్చడానికి సూర్యనారాయణమూర్తిగారు నడుం కట్టారు. ఆయన బెల్లం వ్యాపారి. పెళ్ళిళ్ళు కుదర్చడం, తగవులు తీర్చడం, అడగనివాళ్ళకి సలహాలివ్వడం ఆయనకి ఊపిరి పీల్చుకున్నంత తేలిక. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నాగజ్యోతికి ఆయన సొంత బాబాయి, కాబట్టి ఆయన గురించి ఇంతకంటే మెత్తగా చెప్పడం ఆమె వల్ల కాలేదు.

నాగజ్యోతి పొద్దున్నపూట తండ్రి వదిలివెళ్ళిన బెల్లం కొట్టు చూసుకుంటుంది. సాయంత్రం కొట్టు వెనకాల పాత గోడౌన్‌లో పిల్లలకి బాక్సింగు నేర్పుతుంది. కాలేజీ రోజుల్లో తనూ ఆడింది. ముక్కు కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళెవరో ఆ ముక్కు సంగతి అడిగితే, అవతలి పిల్ల ముక్కు చూసి వచ్చి మాట్లాడండి అందిట. ఆ సంబంధం మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఆమెకీ పెద్ద బెంగేమీ లేదు.

ఆ గోడౌన్‌లో తయారైనవాళ్ళలో మేటి అప్పలరమణ. మాడుగుల పైన కొండల్లో వాళ్ళ ఊరు. తండ్రితో పసుపు అమ్ముకోడానికి వచ్చి, గోడౌన్ కిటికీలోంచి తొంగిచూసి, అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఇరవై మూడేళ్ళవాడు. వైజాగులోనూ బెంగుళూరులోనూ ఆడిన ప్రతి పోటీ గెలిచాడు. నాగజ్యోతి వాడికి అన్నీ నేర్పగలిగింది, ఒక్కటి తప్ప. కుడిచేత్తో గట్టి దెబ్బ కొట్టే ముందు వాడి ఎడమచెయ్యి గడ్డం దగ్గర నుంచి పొట్ట దాకా జారిపోతుంది. చిన్నప్పటి నుంచి కొండ మీద పార పట్టినవాడు మరి. పార ఎత్తేటప్పుడు ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. ఒంటికి పట్టిన ఆ అలవాటు బాక్సింగులోకీ వచ్చేసింది. ఎడమచెయ్యి ఎత్తరా, ఎత్తరా అని ఆమె అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. వాడు గెలుస్తూనే ఉన్నాడు, చెయ్యి దించుతూనే ఉన్నాడు. గెలిచేవాడికి బుద్ధి చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు కదా.

పోటీకి నెలరోజుల ముందు సూర్యనారాయణమూర్తిగారు కొట్టుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, అసలు విషయం బయటపెట్టారు. రమణ కోసం హైదరాబాదు నుంచి పెద్ద కోచ్‌ని పిలిపిస్తున్నారట. ఈ పోటీ గెలిస్తే ఆయన రమణని హైదరాబాదు తీసుకుపోతాడు, ఆ తర్వాత దుబాయో లండనో. అవతల ఆడేది ఫిన్‌బార్ డోలన్ అని ఐర్లండు మనిషి. దేశదేశాలు తిరిగి దెబ్బలు తినడమే అతని ఉద్యోగం. వెంట మనుషులెవరూ రారు, ఒంటరిగా దిగుతాడు. పోటీ పెట్టినవాళ్ళే అతని కార్నర్‌కి మనిషిని చూపించాలి, అది రూలు. రౌండుకీ రౌండుకీ మధ్య స్టూలెయ్యడానికి, నీళ్ళు పట్టడానికి, రక్తం కారితే తుడవడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ ఎవరో ఒకరు నాగజ్యోతి.

"ఊరికే బకెట్టు పట్టుకుని నిలబడు జ్యోతీ. అతగాడు ఓడిపోడానికే వత్తన్నాడు," అన్నారాయన.

ఆమెకి ఒళ్ళు మండింది. తను చెక్కిన బొమ్మకి ఇంకెవరో దండ వేస్తారట, తనేమో అవతలివాడికి నీళ్ళు పట్టాలట. అయినా బాబాయి మాట కంటే ఎక్కువ కాల్చింది ఇంకొకటి. గుమ్మం పక్కన రమణ నిలబడి ఉన్నాడు. తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు తప్ప ఒక్కమాట మాట్లాడలేదు. అక్క లేకుండా ఆడను అని అంటాడేమోనని ఆమె చూసింది. అనలేదు. సరే, అలాగే కానియ్యి, నిలబడతాను అంది నాగజ్యోతి. ఆమె అంత త్వరగా ఒప్పుకుంటే అనుమానించాలని సూర్యనారాయణమూర్తిగారికి తట్టకపోవడం ఆయన మొదటి పొరపాటు.

రెండో పొరపాటు అంతకంటే పెద్దది. మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. ఊళ్ళో లాడ్జీలన్నీ పెళ్ళివారితో నిండిపోయాయి. పోటీకి వారం ముందే దిగిన ఐర్లండు అతిథికి గది దొరకలేదు. మా జ్యోతి కొట్టు మేడ మీద గది ఖాళీగానే ఉంది కదా అని, ఎయిర్‌పోర్టు నుంచి అతన్ని తన బెల్లం వ్యానులో ఎక్కించి, తిన్నగా ఆమె కొట్టు ముందు దింపించారాయన.

సరిగ్గా పాట జరుగుతున్న వేళ. వీధినిండా బెల్లం దిమ్మలు, రైతులు, కొనుగోలుదార్లు, ఈగలు. వ్యాను వెనక తలుపు తీస్తే, ఖాళీ గోనెల మీద నుంచి ఎర్రటి జుట్టువాడొకడు దిగాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు కనుబొమ్మల మీదా పాత కుట్లు. చంకలో ఒక్క సంచి. ఎండకి మొహం అప్పటికే టమాటా పండయింది. హమాలీ సత్తియ్య భుజం మీది మూట దించి, అతన్ని ఎగాదిగా చూసి, నాగజ్యోతితో అన్నాడు.

"అమ్మా, సరుకు మీ కొట్టు ముందు దిగిపోనాది. ఇంక మీదే పూచీ."

వీధి వీధంతా గొల్లున నవ్వింది. నాగజ్యోతి మాత్రం నవ్వలేదు. ఎందుకంటే ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. రైతు బండి ఏ కొట్టు ముందు దిగితే ఆ కొట్టువాళ్ళు ఆ రైతు పక్షం. అతని బెల్లానికి మంచి ధర పలికించడం వాళ్ళ ధర్మం. పాటలో ఎదురుగా నిలబడి కొనేవాడు సొంత బావమరిది కావచ్చు, కన్నకొడుకు కావచ్చు. ఆ పూటకి వాడు పరాయివాడు, ముక్కూమొహం తెలియని రైతు తనవాడు. ఈ కట్టు తప్పినవాడి కొట్టు ముందు మళ్ళీ బండి ఆగదు. నాగజ్యోతి తండ్రి ఒకసారి ఇలాగే సొంత తమ్ముడి మీద ధర పెంచి పెంచి ఏడిపించాడు. ఆ తమ్ముడే సూర్యనారాయణమూర్తిగారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా అలిగిన మనిషే, పెద్దయ్యాక ఆ కట్టుని పదిమందికీ గొప్పగా చెప్పుకునేవారు. చెప్పుకున్నంత బాగా గుర్తుపెట్టుకోలేదు, అంతే.

నాగజ్యోతి తల్లి సత్యలక్ష్మికి అతిథి వచ్చాడంటే ఇల్లు పండగ. ఫిన్‌బార్ అన్న పేరు నోరు తిరక్క ఫిన్నీబాబు అని పిలవడం మొదలుపెట్టింది. అయితే ఫిన్నీబాబు పోటీకి ముందు తూకం తూగాలి, పిసరు బరువు ఎక్కువున్నా పోటీ లేదు. అందుకని గుడ్లలో తెల్లసొన, కీరదోసకాయ తప్ప ఏదీ ముట్టుకోడు. మంచినీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగుతాడు. మా ఇంట దిగినవాడు పస్తులుంటే వీధిలో తలెత్తుకునేదెలా అని ఆవిడ గింజుకుంది. నెయ్యి వేస్తే ఒళ్ళొస్తుందేమో, కూరలో నూనె తగ్గించి పెడతానంది. పోనీ మజ్జిగంది. అతను చేతులు జోడించి దండం పెట్టాడు. ఈ దండాలు ఎవరికి కావాలి అని ఆవిడ విసుక్కుంటూ లోపలికి పోయింది. తూకం అయిన రోజు మధ్యాహ్నం మాత్రం అతన్ని పీట మీద కూర్చోబెట్టి, పప్పూ పులుసూ పెట్టి, చివర్న మాడుగుల హల్వా ఆకు నిండా వడ్డించింది. అతను వేళ్ళు నాకుతూ తింటుంటే, గెలిచింది నేనే అన్నట్టు కూతురి వైపు చూసింది.

అతని కథ నాగజ్యోతికి గోడౌన్‌లో తెలిసింది. తెల్లవారుతూనే ఆమె చేతులకి ప్యాడ్లు తొడుక్కుని నిలబడితే, అతను గుద్దుతూ మధ్యమధ్యలో ఆగి, ఊపిరి తీసుకుంటూ చెప్పేవాడు. కాలేజీ ఇంగ్లీషుతో ఆ యాస అందుకోడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది.

లిమరిక్ అని వాళ్ళ ఊరు. వాన, నది, చర్చి హాలు. ఆ హాల్లోనే నేర్చుకున్నాడు. కుర్రతనంలో సొంత దేశంలో వరసగా గెలిచాడు, పేపర్లో ఫొటో కూడా పడింది. తర్వాత కుడిచెయ్యి విరిగింది. నయమై తిరిగొచ్చేసరికి అతని స్థానంలో ఇంకో కుర్రాడున్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్ళు. ఇంట్లో ఆడించేవాళ్ళే లేకపోతే రచ్చ ఒక్కటే మిగిలింది పాపం. ఇక ఫోన్లు మొదలయ్యాయి. వచ్చే వారం పోలండు రాగలవా? డెన్మార్క్? మనీలా? దుబాయి? ఎక్కడికి వెళ్ళినా అక్కడి కుర్రాడికి ఒక గెలుపు కావాలి, దానికి ఓడేవాడొకడు కావాలి. హాలు నిండా జనం వాళ్ళవాళ్ళు. న్యాయనిర్ణేతలు వాళ్ళవాళ్ళు. చివరికి అతని కార్నర్‌లో నిలబడి నీళ్ళు పట్టేవాడు కూడా వాళ్ళవాడే. ఒకచోట కార్నర్‌లో మనిషి రౌండు రౌండుకీ, భలే ఆడుతున్నావు, ఇలాగే ఆడు అని భుజం తట్టాడట. తర్వాత తెలిసింది, ఆయన అవతలివాడికి స్వయానా మేనమామ.

నాగజ్యోతికి నవ్వాగలేదు. అతనూ నవ్వాడు. నవ్వి, గ్లవ్స్ ఊడదీసి పక్కన పెట్టి, ఈ వ్యాపారంలో ఇంకో తమాషా ఉందన్నాడు. గెలిస్తే ఫోన్లు ఆగిపోతాయి. ఓడేవాడికే గిరాకీ. అందుకే చాలాసార్లు గట్టిగా గెలవబోయి కూడా, ఇంట్లో పిల్లల మొహాలు గుర్తొచ్చి, చివరి రౌండులో కొంచెం వెనక్కి తగ్గాడట. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఇంటి దగ్గర బస్సు నడిపే ఉద్యోగం దొరికింది. ఇదే ఆఖరు పోటీ.

"ఒక్కసారి, పరాయి ఊళ్ళో, నా చెయ్యి పైకెత్తాలి. ఒక్కసారి చాలు," అన్నాడు.

అన్నాక అడగవలసింది అడిగాడు. ఆ కుర్రాడికి నేర్పింది నువ్వేనట కదా, నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందా అని. నాగజ్యోతి ప్యాడ్లు సర్దుకుంటూ, చూద్దాం అంది. అతను మళ్ళీ అడగలేదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని చూద్దాంలు విన్నాడో!

ఆ చూద్దాం ఆమెని రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. చెబితే రమణ కొంప మునుగుతుంది. చెప్పకపోతే తన కొట్టు ముందు దిగినవాణ్ణి తనే అమ్ముకున్నట్టు. పోటీ ముందురోజు సాయంత్రం రమణ ఎదురొచ్చాడు, నెల తర్వాత మొదటిసారి ఒంటరిగా. సైకిలు ఆపి, అటూ ఇటూ చూసి, సంగతి తేల్చుకుందామన్నట్టు అడిగాడు.

"అక్కా, నా గురించి ఆడికేటీ సెప్పవు గదా?"

"నువ్వు చెయ్యి దించకపోతే చెప్పడానికి ఏటుంటాదిరా?" అంది నాగజ్యోతి.

వాడు పళ్ళన్నీ కనిపించేలా నవ్వేసి సైకిలెక్కిపోయాడు. ఆ జవాబుని వాడు మాటిచ్చినట్టే తీసుకున్నాడు. అలా తీసుకున్నాడని ఆమెకి తెలుసు. పిలిచి కాదని చెప్పలేదు.

పోటీ కల్యాణమండపంలో. పెళ్ళిపీటలు వేసే వేదిక ముందు రింగు కట్టారు. పొద్దున్న జరిగిన పెళ్ళి తాలూకు బంతిపూల దండలు స్తంభాలకి అలాగే వేలాడుతున్నాయి. తీసెయ్యమంటే, ఉండనీ, కళగా ఉంది అన్నారు సూర్యనారాయణమూర్తిగారు. ఆయన జరీ అంచు పంచె కట్టి, మొదటి వరసలో పెళ్ళికూతురి తండ్రిలా కూర్చున్నారు. మాడుగుల నుంచి, ఎలమంచిలి నుంచి జనం దిగారు. రమణ ఊరివాళ్ళు కొండ మీద నుంచి రెండు జీపుల్లో కిక్కిరిసి వచ్చారు. హైదరాబాదు కోచ్ రమణ చెవిలో ఏదో చెబుతున్నాడు. మంచివాడే, పని తెలిసినవాడే. నెలరోజుల్లో రమణకి కాళ్ళ కదలిక చక్కగా దిద్దాడని నాగజ్యోతికి మొదటి నిమిషంలోనే అర్థమైంది. చెయ్యి మాత్రం దిద్దలేదు. పదేళ్ళలో తను దిద్దలేనిది నెలలో ఆయనేం దిద్దుతాడు?

పోటీ ఆరు రౌండ్లు. మొదటి రెండూ రమణవి. కుర్రతనం, ఊపు, ఊరంతా కేకలు. ఫిన్‌బార్ వెనక్కి వెనక్కి నడుస్తూ, మోచేతులతో కాచుకుంటూ, దెబ్బకి దెబ్బ మర్యాదగా తిరిగిస్తూ ఉన్నాడు. మూడోది అతనిది. నాలుగోదీ అతనిదే. అనుభవం అంటే అదే, కుర్రాడు రెండు గుద్దులతో చేసే పని అతను అర గుద్దుతో కానిచ్చేస్తున్నాడు. కానీ కాళ్ళు బరువెక్కుతున్నాయి. రమణ గట్టి దెబ్బకి ముందు ఏదో తేడా జరుగుతోందని అతనికి తెలుస్తోంది, ఎప్పుడు జరుగుతోందో దొరకడంలేదు. చూసేసరికి దెబ్బ వచ్చేస్తోంది. నాలుగు రౌండ్లూ నాగజ్యోతి స్టూలేసింది, నీళ్ళు పట్టింది, కనుబొమ్మ మీద రక్తం నొక్కి ఆపింది. ఊపిరి తీసుకో అంది, గడ్డం దించు అంది. ఎవరైనా చెప్పే మాటలే చెప్పింది. అసలు మాట నాలిక చివరికొచ్చి ఆగిపోయేది. అవతల రమణ మొహం కనిపిస్తోంది మరి. వాడు ఈ ఒక్కసారికి తనంతట తను చెయ్యి ఎత్తుతాడేమో, ఎత్తితే తను చెప్పవలసిన అవసరమే రాదేమో అని ప్రతి రౌండూ చూసింది. ఎత్తలేదు వెధవ.

నాలుగో రౌండు గంట మోగాక ఫిన్‌బార్ వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. నీళ్ళ సీసా అందిస్తే తాగకుండా ఆమె మొహంలోకి చూశాడు. అడగలేదు. ఊరికే చూశాడు. అవతలివాడి మేనమామని కార్నర్‌లో పెట్టుకుని ఆడినవాడి చూపు అది. ఆ చూపు ముందు నాగజ్యోతి నిలబడలేకపోయింది. తను ఇప్పుడు చేస్తున్నది ఆ మేనమామ చేసిందే కదా, కాకపోతే ఇంకొంచెం మర్యాదగా. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. అతని చెవి దగ్గరకి వంగింది.

"అతని కుడి మడమ చూడు. మడమ లేచిందంటే ఎడమచెయ్యి కిందికి పోతుంది. చెయ్యి కోసం చూడకు, ఆలస్యమవుతుంది. మడమ లేవగానే నీ కుడిచెయ్యి వదులు."

ఫిన్‌బార్ నీళ్ళు పుక్కిలించి బకెట్లో ఉమ్మి లేచాడు.

అయిదో రౌండు సగం కాకముందే అయిపోయింది ఆ పని. రమణ జనం కేకలకి పొంగిపోయి, గట్టి దెబ్బ తీద్దామని మడమ లేపాడు. ఎడమచెయ్యి దిగింది. దిగిన చేతి మీదుగా ఫిన్‌బార్ కుడిచెయ్యి వెళ్ళి వాడి దవడకి తగిలింది. చప్పుడు వెనక వరస దాకా వినిపించింది. రమణ కూర్చున్నట్టుగా పడ్డాడు. కొండ మీద నుంచి వచ్చిన ఆడవాళ్ళలో ఎవరో ఓరి నా తండ్రో అన్నారు. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. రమణ మోకాలి మీద లేచి, తల విదిలించి, ఫిన్‌బార్ వైపు చూడలేదు, తన కోచ్ వైపూ చూడలేదు. తిన్నగా నాగజ్యోతి వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకుంటే వాడికి ఇంకా అన్యాయం చేసినట్టని ఆమెకి అనిపించింది.

ఎనిమిదనేసరికి వాడు లేచి నిలబడ్డాడు. రౌండు ఎలాగో దాటాడు. ఆరో రౌండులో మాత్రం రమణ ఇంకో రమణ. ఎడమచెయ్యి గడ్డం దగ్గర మేకు కొట్టినట్టు నిలిచింది. కుడి వదిలినా నిలిచింది, ఎడమ తిరిగొచ్చినా అక్కడికే వచ్చి నిలిచింది. ఫిన్‌బార్ మడమ కోసం చూశాడు, కుడి వదిలాడు, చేతి మీద తగిలి పోయింది. ఆ రౌండు ఆసాంతం రమణదే. నాగజ్యోతి బకెట్టు అంచు పట్టుకుని, అలాగే రా, అలాగే అని గొణుక్కుంటోంది. ఎవరి కార్నర్‌లో నిలబడి ఎవరికి చెబుతోందో గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

కానీ పడ్డ దెబ్బ పడ్డదే. ఒక్క పాయింటు తేడాతో రిఫరీ ఫిన్‌బార్ చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి కాసేపటిదాకా దించలేదతను. దించడం మర్చిపోయినట్టున్నాడు. జనంలో ముందు ఒక్క ఈల కూడా లేదు. తర్వాత ఎక్కడో హమాలీ సత్తియ్య చప్పట్లు మొదలుపెట్టాడు. బెల్లం వీధివాళ్ళు నలుగురు కలిశారు. ఆ చెయ్యి అలా పైకే ఉండిపోవడం చూసి మిగతావాళ్ళకీ మనసు కరిగింది కాబోలు, హాలంతా చప్పట్లు కొట్టింది.

సూర్యనారాయణమూర్తిగారు కొట్టలేదు. ఇద్దరు ఆటగాళ్ళకీ కలిపి పెళ్ళికూతురి గదే ఇచ్చారు, మధ్యలో ఒక దుప్పటి కట్టి. ఆ గదిలోకి ఆయన పంచె ఎగ్గట్టుకుని దూసుకొచ్చారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. అన్నం పెట్టిన ఊరికి సున్నం పెట్టావన్నారు. హైదరాబాదాయన మొహం ఎలా చూడాలన్నారు. నాగజ్యోతి అన్నీ విని, బకెట్లో నీళ్ళు పారబోసి, నెమ్మదిగా అంది.

"బండి మా కొట్టు ముందు దింపింది నువ్వే గదా బాబాయ్."

బెల్లం వీధిలో పుట్టి పెరిగిన మనిషి ఆ మాటకి ఎదురెలా చెబుతాడు? ఆయన పంచె దించుకుని బయటికి వెళ్ళిపోయారు.

అప్పుడు దుప్పటి పక్కకి జరిగింది. రమణ వచ్చి నిలబడ్డాడు. దవడ వాచింది. ఒక కన్ను సగం మూసుకుపోయింది. ఇక వీడు తనకి లేడనుకుంది నాగజ్యోతి. పదేళ్ళ పెంపకం ఒక్క మాటతో పోయింది.

"ఆడికి సెప్పింది నువ్వే గదా," అన్నాడు రమణ.

"నేనే," అంది.

బెంచీ మీద కూర్చున్న ఫిన్‌బార్‌కి తెలుగు రాదు గానీ, ఇలాంటి మొహాలు చదవడం వచ్చు. కుర్రాడు ఏమంటున్నాడని అడిగాడు. ఆమె చెప్పింది. అతను తలూపి, కనుబొమ్మ మీది దూది తీసి, రమణకి ఈ మాట చెప్పమన్నాడు. చెప్పింది నిజమే, కానీ నాలుగు రౌండ్లు ఆగి చెప్పింది. మొదటి గంట కొట్టకముందే ఈవిడకి తెలుసు, నాకూ తెలుసు ఈవిడకి తెలుసని. అయినా నేను తిరిగిన ఊళ్ళలో ఇంత తొందరగా ఎవరూ చెప్పలేదు.

నాగజ్యోతి ఒక్కక్షణం ఆగింది. ఈ మాట మింగేసి ఇంకేదో చెప్పెయ్యొచ్చు. గదిలో వాళ్ళిద్దరూ తప్ప ఇంగ్లీషు తెలిసినవాళ్ళెవరూ లేరు. కానీ అతని తరఫున నిలబడ్డాక అతని మాట కూడా తన పూచీయే. ఒక్క ముక్క తగ్గించకుండా తెలుగులో చెప్పింది. చెబుతుంటే చెవులు వేడెక్కాయి.

రమణ అడిగాడు.

"నాలుగు రౌండ్లు తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వే ఎత్తుతావేమోనని చూసేనురా."

వాడు వాచిన కన్ను తుడుచుకున్నాడు. ఫిన్‌బార్ దగ్గరకెళ్ళి, టేపు చుట్టి ఉన్న తన రెండు చేతులతో అతని చేతులు పట్టుకున్నాడు. అలా పట్టుకునే ఆమె వైపు తిరిగాడు.

"నాలుగు రౌండ్లు ఆడికి అన్నేయం సేసేవు అక్కా, నా కోసం. అలగైతే ఇది లెక్కనోకి రాదు. మళ్ళీ రమ్మను ఆడ్ని. ఈపాలి మొదటి రౌండు కాడి నుంచీ నువ్వు ఆడి కార్నర్‌లోనే నిలబడు. నా సెయ్యి దిగిందా, అప్పుడే సెప్పీ. నాను దించను."

నాగజ్యోతి ఆ మాట ఇంగ్లీషులో చెబుదామని ఫిన్‌బార్ వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు నిండిపోతే, చేతికందిన తువ్వాలుతో మొహం కప్పుకుంది. ఏమన్నాడు, కుర్రాడు ఏమన్నాడు అని ఫిన్‌బార్ అడుగుతూనే ఉన్నాడు.